లాగ్‌బుక్కులో ఒక వాక్యం

మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకి లిఫ్టుల కంపెనీలో శిక్షణ చూసే ఆవిడ ఉద్యోగస్తుల సైటులో తన నలభై రెండో పోస్టు పెట్టింది. అందులో సలహా ఒక్కటీ లేదు. తొమ్మిదేళ్ళ కిందట తాను చేసిన పొరపాటు ఒకటి ఉంది.

అంతకుముందు పెట్టిన నలభై ఒకటీ సలహాలే. వారానికొకటి పెట్టమని బ్రాంచి మేనేజరు చెప్పాడు. కంపెనీ పేరు నలుగురి కళ్ళలో పడాలని ఆయన ఉద్దేశం. ఆమె పద్నాలుగేళ్ళు మెకానిక్కుగా భవనాలు ఎక్కి దిగింది. అయిదేళ్ళుగా కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెబుతోంది. మెకానిక్కులు ఆమెను టీచరమ్మ అంటారు. అందులో గౌరవం ఎంతో ఎకసెక్కం ఎంతో ఆమె ఎప్పుడూ తూచి చూడలేదు.

"లిఫ్టు కింది గుంతలోకి దిగేముందు చేయాల్సిన అయిదు పనులు." "మంచి మెకానిక్కుకి ఏడు అలవాట్లు." "బ్రేకు చూడకుండా భవనం వదలకండి." ఇలా సాగేవి ఆ పోస్టులు. ప్రతిదానికీ ఎన్ని లైకులు వచ్చాయో ఆమె ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంది. సగటున పద్నాలుగు. వాటిలో తొమ్మిది ఆఫీసువాళ్ళవి, ఒకటి ఆడపడుచుది. ఎవరైనా ఏదైనా అడిగారా అన్న గడి కూడా గీసుకుంది. అందులో నలభై వారాలు సున్నాలే పడ్డాయి.

లైకులు తక్కువైనందుకు ఆమెకు బాధ లేదు. కారణం తెలియకపోవడం బాధ. లిఫ్టు ఆగిపోతే కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ తెగిందో మీటరు పెట్టి వెతుక్కుంటూ పోవడం ఆమెకు అలవాటు. ఇక్కడ మీటరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రాసినవన్నీ నిజాలే, పనికొచ్చేవే. అయినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

క్లాసులో కూడా ఇలాంటిదే ఒకటి ఆమె గమనించింది. బోర్డు ముందు నిలబడి నియమాలు చెబుతుంటే కుర్రాళ్ళు నోటుపుస్తకం అంచున బొమ్మలు గీస్తారు. టీ తాగేటప్పుడు, ఒకసారి ఒక ఆస్పత్రి లిఫ్టులో నేనేం చేశానంటే అని ఆమె మొదలుపెడితే కప్పులు ఆగిపోతాయి. అది టీ మహిమ అనుకుంది.

ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది. ఒక సంస్థలో ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పని. రోజులో సగం ఆ సైటులోనే గడుపుతుంది.

"వదినా, నిజం చెప్పనా, నీ పోస్టుకి లైకు కొడతాను గానీ చదవను," అంది ఒక ఆదివారం. "చదివితే బడికెళ్ళినట్టుంటుంది."

"నువ్వెళ్ళిన బడేదో చెప్పమ్మా. చదవకుండా లైకు కొట్టడం అక్కడే నేర్పారా?"

"అందరూ అంతే వదినా. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చెప్పించుకునేవాడికి ఆ సంగతి తెలుసు. అందుకని చదవడు."

నలభై ఒకటో పోస్టు జంపర్ల గురించి. జంపర్ అంటే రెండు కొసలా క్లిప్పులున్న మూరెడు వైరు. లిఫ్టు తలుపు సరిగా పడకపోతే లిఫ్టు కదలదు. తలుపు దగ్గర ఉండే కాంటాక్టు కరెంటును ఆపేస్తుంది. ఆ కాంటాక్టే పాడైతే మెకానిక్కు పైన మెషిన్ రూములో దానికి అడ్డదారిగా జంపర్ తగిలించి లిఫ్టును కదిలిస్తాడు, మరమ్మతు చేస్తాడు, జంపర్ తీసేస్తాడు. తీయడం మరిచిపోతే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. అందుకని ప్రతి మెకానిక్కు సంచిలో నంబర్లు వేసిన జంపర్లు అయిదుంటాయి. భవనం వదిలేముందు లెక్క పెట్టుకోవాలి. పోస్టులో ఆమె రాసింది ఇదే. శీర్షిక, "జంపర్లు లెక్క పెట్టండి."

మర్నాడు దాని కింద ఒక వ్యాఖ్య వచ్చింది. రాసినవాడు వేరే ఊళ్ళో, వేరే కంపెనీలో లిఫ్టు మెకానిక్కు. ఒకటే వాక్యం. "మేడమ్, మీరెప్పుడైనా మరిచిపోయారా?"

నలభై ఒక్క వారాల్లో వచ్చిన మొదటి ప్రశ్న అది. ఆమె నోటుపుస్తకం తీసి ఆ గడిలో ఒకటి వేసింది. జవాబుగా "లేదు" అని టైపు చేసింది. చెరిపేసింది. "అందరం మనుషులమే" అని టైపు చేసింది. అదీ చెరిపేసింది. నాలుగు రోజులు జవాబివ్వలేదు. అతను ఎందుకడిగాడు అన్నది మాత్రం ఆమెను వదల్లేదు. వెక్కిరింపా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఎవరు భుజాలు తడుముకుంటారో చూద్దామని అడిగాడా? లేక నిజంగానే తెలుసుకోవాలని అడిగాడా?

శనివారం ఆడపడుచు ముందు ఆ ప్రశ్న పెట్టింది.

"మరిచిపోయావా?" అంది ఆడపడుచు.

"ఊఁ."

"అన్నయ్యకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు."

ఆడపడుచు కాసేపు ఫోను పక్కన పెట్టింది. ఆమె ఫోను పక్కన పెట్టడం అరుదు. మొత్తం చెప్పించుకుంది, మధ్యలో ఒక్క జోకూ వేయకుండా. ఆఖరికి, "వదినా, నువ్వు రాసినవాటిలో ఇలాంటిది ఒక్కటీ లేదు," అంది. ఆ వెంటనే, రాయొద్దు అని కూడా అంది. వచ్చే శుక్రవారం అన్ని బ్రాంచీలకూ శిక్షణ అధిపతిగా ఎవరిని వేస్తున్నారో జాబితా రావాలి. అందులో వదిన పేరు ఖాయమని మేనేజరే చెప్పాడు. ఇప్పుడు ఈ కథ బయటపెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే అని ఆడపడుచు లెక్క.

రాస్తే ఏమవుతుందో చూడాలనుంది అంది టీచరమ్మ. ఆ మాటకి ఆడపడుచు నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు.

నలభై రెండో పోస్టులో ఉన్నది ఇది. తొమ్మిదేళ్ళ కిందట, అయిదంతస్తుల భవనం. చేత్తో లాగి తెరిచే తలుపులున్న పాత లిఫ్టు. రెండో అంతస్తు తలుపు కాంటాక్టు అరిగిపోయింది. సాయంత్రం నాలుగున్నరకి జంపర్ పెట్టి, కాంటాక్టు మార్చింది. అంతలో ఫోను వచ్చింది. ఇంకో భవనంలో ఇద్దరు లిఫ్టులో ఇరుక్కున్నారు. మెషిన్ రూములో కంట్రోలు పెట్టె మూసి పరిగెత్తింది. మర్నాడు ఉదయం ఆరున్నరకి వ్యానులో సంచి సర్దుకుంటుంటే జంపర్లు నాలుగే ఉన్నాయి. మూడో నంబరు లేదు. ఏడూ పదికి ఆ భవనం మెషిన్ రూములో దాన్ని తీసింది. మధ్యలో పద్నాలుగు గంటల నలభై నిమిషాలు. "ఆ వ్యవధిలో ఆ లిఫ్టు ఎంతమందిని ఎక్కించుకుందో నాకు తెలియదు," అని రాసి ముగించింది.

దాని తర్వాత జరిగింది ఒకటి ఆమె రాయలేదు. పోస్టులో చోటు చాలక కాదు.

ఆ ఉదయం ఎనిమిదికి భవనం వాచ్‌మన్ లాగ్‌బుక్కు పట్టుకుని పైకి వచ్చాడు. లిఫ్టుకు సంబంధించిన ఫిర్యాదులూ మరమ్మతులూ రాసే పుస్తకం అది. మూడో అంతస్తులో అద్దెకున్నాయన ముందురోజు సాయంత్రం రాసిన ఫిర్యాదు అందులో ఉంది. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలిందని. ఆమె వాచ్‌మన్ ఎదుటే పదకొండుసార్లు తలుపు తెరిచి పరీక్షించింది. పదకొండుసార్లూ లిఫ్టు కదల్లేదు. కదలడానికి జంపర్ లేదు, అది ఆమె జేబులో ఉంది. ఫిర్యాదు పక్క గడిలో, "పరిశీలించాను. లోపం లేదు," అని రాసి సంతకం పెట్టింది. రాసిన సమయానికి ఆ వాక్యం నిజమే. ఆ తర్వాత ఆమె కోరి తాను చూసే భవనాల రూటు మార్పించుకుంది. ఆ భవనానికి మళ్ళీ వెళ్ళలేదు. తేలు కుట్టిన దొంగలా తొమ్మిదేళ్ళు నోరు మెదపలేదు.

మంగళవారం సాయంత్రానికి పోస్టును పంతొమ్మిది వందల మంది చూశారు. వ్యాఖ్యలు అరవై మూడు. ఆమె వాటన్నిటినీ కూర్చుని చదివింది. జాగ్రత్తగా ఉండాలమ్మా అన్నవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళు తమ సంగతులు చెప్పారు. ఒక నర్సు ఆపరేషను గదిలో దూది ఉండలు లెక్క తప్పిన మధ్యాహ్నం గురించి రాసింది. ఒక క్రేను డ్రైవరు, భోజనానికి దిగేముందు గొలుసు విప్పాడో లేదో గుర్తురాక అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిన రోజు గురించి రాశాడు. వంతెనల ఇంజనీరు ఒకడు మూడు పేరాలు రాసి, అరగంటకి తీసేశాడు. వీళ్ళెవరికీ ఆమె తెలియదు. చెప్పమని ఎవర్నీ అడగలేదు. నోటుపుస్తకంలో ప్రశ్నల గడి పక్కన ఇంకో గడి గీసింది. దానికేం పేరు పెట్టాలో తోచక ఖాళీగా వదిలి, కింద "59" అని వేసింది.

వారం కిందట ప్రశ్న అడిగిన మెకానిక్కు బుధవారం ఉదయం ఆమెకు విడిగా రాశాడు. అతని సంచిలో జంపరొకటి పదిరోజులుగా తక్కువ ఉంది. ఎక్కడో పారేసుకున్నానని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఆ పదిరోజుల్లో పనిచేసిన భవనాలు ఏడు. మళ్ళీ వెళ్ళి చూస్తే పైవాళ్ళు ఎందుకని అడుగుతారు. మంగళవారం ఆమె పోస్టు చదివి, మధ్యాహ్నం సెలవు పెట్టి ఏడూ తిరిగాడు. అయిదోదానిలో దొరికింది. ఫోటో కూడా పంపాడు, టెర్మినళ్ళ మధ్య ఎర్ర వైరు. కింద ఏమీ రాయలేదు.

ఎందుకడిగాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

అదే రోజు పదకొండుకి పోస్టు కింద ఇంకో వ్యాఖ్య పడింది. రాసినామె ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. "ఏ నెల? మూడో అంతస్తులో గడియారాల దుకాణం ఉన్న భవనమేనా? మా నాన్న దుకాణం అది. ఆ సాయంత్రం ఆయన ఒక కాలు లిఫ్టులో పెట్టగానే లిఫ్టు లేచిందన్నారు. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు."

పన్నెండుకల్లా మేనేజరు టీచరమ్మను తన గదిలోకి పిలిచాడు. ఆయన ముందు ఆ వ్యాఖ్య తెరిచి ఉంది. ఆయనకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"ఇదంతా పెట్టమని ఎవరు చెప్పారు మేడమ్ మీకు?"

"మీరేనండి. ప్రతి మంగళవారం పెట్టమన్నారు."

"సలహాలు పెట్టమన్నాను."

ఆయన తన మాటను తానే కాసేపు విన్నట్టు ఆగాడు. తర్వాత చేయాల్సింది చెప్పాడు. పోస్టు తీసేయాలి. ఫార్మసిస్టుకి ఆఫీసే జవాబిస్తుంది, వ్యక్తిగత వివరాలు చర్చించలేమని. ఆ భవనమే అని తేలనంతవరకు అది పొరపాటు కథ, కథకి శిక్ష ఉండదు. తేలితే లాగ్‌బుక్కు తీస్తారు, అందులో సంతకం ఉంటుంది. ఏమని రాశారని అడిగాడు, ఆమె చెప్పింది. లోపముందని తెలిసీ లోపం లేదని రాస్తే ఏమవుతుందో కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది ఆమే, తాను చెప్పక్కర్లేదన్నాడు. శుక్రవారం దాకా ఊరుకుంటే చాలు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ జాబితాలో ఆమె పేరు ఆయనే రాశాడు.

ఆమె లేచి వచ్చేసింది. మధ్యాహ్నం క్లాసు తీసుకుంది. ఆ రోజు పాఠం బ్రేకుల గురించి. కుర్రాళ్ళు బొమ్మలు గీయలేదు. అందరూ పోస్టు చదివినట్టున్నారు. బోర్డు వదిలేసి ఆమె చేతుల వంకే చూశారు.

గురువారం ఉదయం పదిన్నరకి ఆమె ఆ భవనానికి వెళ్ళింది. పోస్టు తీయలేదు. ఫార్మసిస్టుకి ముందుగా ఒక్క మాట రాసింది, "అదే భవనం. వస్తున్నాను."

దుకాణం ఒకటే గది. బల్ల కిటికీ పక్కన. గోడ మీద గడియారాలు ముప్ఫై దాకా ఉన్నాయి. ఏ రెండూ ఒకే సమయం చూపించడం లేదు. ప్రతిదాని కిందా ఒక చీటీ, ఎప్పుడు సరిచేసి పెట్టారో, రోజుకెంత వెనకబడుతోందో. అవి మరమ్మతులో ఉన్నవి. సరైన సమయం ఆయన చేతి గడియారంలో ఉంది. గడియారాలాయనకు అరవై దాటి ఉంటాయి. ఒక కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు. ఆమె వచ్చాక కూడా దాన్ని తీయలేదు. కూతురు గుమ్మం పక్కన నిలబడి ఉంది, షాపు తెల్లకోటుతోనే.

"కూర్చోండమ్మా," అన్నాడాయన. "ఎంత ఎత్తు లేచి ఉంటుంది?"

క్షమించమని చెప్పడానికి ఆమె దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఈ ప్రశ్నకి అందులో జవాబు లేదు.

"మీరెంత అనుకున్నారండీ?" అంది.

"జానెడు. నేను కాలు వెనక్కి లాక్కునేసరికి."

"అంతే ఉంటుంది. మొదట్లో నెమ్మదిగా లేస్తుంది. పైన ఎవరో బటన్ నొక్కి ఉంటారు."

"అయిదో అంతస్తులో పాటలు నేర్పే ఆవిడ. నేను అప్పుడే అడిగాను. నొక్కానంది." ఆయన కూతురి వైపు చూశాడు. "చెప్పానా?"

కూతురు తలూపింది.

ఆయన ఒక్కొక్కటే అడిగాడు. వైరు ఎక్కడ పెట్టారు? ఎందుకు అక్కడ? అది ఉన్నంతసేపూ అన్ని అంతస్తుల్లోనూ అలాగే కదిలేదా, మూడులోనేనా? ఆమె కాగితం మీద గీసి చూపించింది. ఒక తలుపు తర్వాత ఇంకో తలుపు, అన్నీ ఒకే దండలో పూసల్లా ఒక సర్క్యూటులో ఉంటాయని, తాను దండ రెండు కొసలూ కలిపేసిందని చెప్పింది. చూడొచ్చా అన్నాడాయన. ఆమె సంచిలోంచి జంపర్ తీసి ఇచ్చింది. ఆయన క్లిప్పుల్ని భూతద్దంతో చూశాడు, నొక్కాడు, వదిలాడు.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

ఆ సాయంత్రం ఆయన చేతిలో గోడ గడియారం ఉంది. భుజంతో తలుపు ఆపి, కుడికాలు లోపల పెట్టాడు. నేల లేచింది. వెనక్కి పడ్డాడు. గడియారం పగిలింది. వాచ్‌మన్ వచ్చి లేపి, తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు సార్, కళ్ళు తిరిగి ఉంటాయి అన్నాడు. అయినా ఫిర్యాదు రాశాడు. మర్నాడు పుస్తకంలో జవాబు చూశాడు. ఆ జవాబును కూతురూ చూసింది. కూతురే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఏం జరిగిందని డాక్టరు అడిగితే, కాలి కింద నేల పైకి లేచిందని ఈయన చెప్పాడు. నేల లేచిందన్న మనిషికి ఏ డాక్టరైనా కళ్ళు తిరగడానికే మందు రాస్తాడు. ఉదయం ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. స్కూటరు అమ్మేశారు. నిచ్చెన ఎక్కొద్దన్నారు. లిఫ్టు ఆయనే మానేశాడు.

"ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడైనా తిరిగాయా అండీ?" అంది టీచరమ్మ.

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తిరగలేదు." ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "మందు బాగా పనిచేస్తోందనుకున్నాను."

కూతురు అప్పుడు నోరు విప్పింది. "లోపం లేదని రాశారు మీరు. నాన్న మాటా ఉంది, మీ సంతకమూ ఉంది. నేను సంతకాన్ని నమ్మాను. ఆ మాత్రలు ఇన్నేళ్ళూ నా చేత్తోనే ఇచ్చాను."

"అవునండి. నేను రాసిందే."

"పోస్టులో అది లేదేం?"

"రాయలేదు. ధైర్యం చాల్లేదు."

టీచరమ్మకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది, నోటికి అలవాటైనదే వచ్చింది. "ఆ మాత్రలు ఒక్కసారిగా మానేయకూడదండీ. ముందు డాక్టరుని కనుక్కుని..."

"అది నాకు చెప్పకండి," అంది కూతురు. "నేను మందులమ్మేదాన్ని."

గడియారాలాయన నవ్వాడు. ముగ్గురిలో నవ్వింది ఆయన ఒక్కడే.

"నేను చెప్పింది నిజమేనన్నమాట," అన్నాడు.

"నిజమేనండి."

"ఇంకోసారి చెప్పండమ్మా. అమ్మాయి వింటుంది."

"మీరు చెప్పింది నిజం. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలింది."

ముగ్గురూ మెట్లు దిగి వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళారు. రెండు వందల పేజీల పుస్తకం, నెలకొక పేజీ, ఇంకా అదే నడుస్తోంది. ప్రస్తుతం నూట ముప్ఫై తొమ్మిదో పేజీ. వెనక్కి తిప్పితే ముప్ఫై ఒకటిలో ఆయన చేతిరాత ఉంది. ఫిర్యాదు కింద సమయం వేశాడు, 5:42. పక్కన ఆమె మూడు మాటలూ, సంతకం.

పాత పేజీ మీద దిద్దకూడదు. అది నియమం, ఆమె పాఠంగా చెప్పేదే. నూట ముప్ఫై తొమ్మిదిలో రాయాలి. ఇది ఫిర్యాదు గడిలో వస్తుందా, మరమ్మతు గడిలో వస్తుందా అని వాచ్‌మన్ అడిగాడు. ఆయన కొత్తవాడు, తొమ్మిదేళ్ళ కిందటివాడు కాదు. పైనుంచి ఎవరైనా అడిగితే చెప్పుకోవాల్సింది తానే అన్నాడు. ఆమెకూ తెలియలేదు. రెండు గడుల మీదుగా రాసింది. "పేజీ 31లో ఉన్న ఫిర్యాదు నిజం. తలుపు సర్క్యూటు మీద జంపర్ మరిచిపోయింది నేను. మర్నాడు దాన్ని తీసేసి, ఆ తర్వాత పరీక్షించి, లోపం లేదని రాశాను." తేదీ, సమయం, సంతకం. వాచ్‌మన్ సాక్షి సంతకం పెట్టాడు. కూతురు పేజీని ఫోటో తీసుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి, వ్యానులో కూర్చుని, టీచరమ్మ తన పోస్టు చివర నాలుగు వాక్యాలు కలిపింది. మొదటిది, "పైన రాసినదానిలో ఒకటి దాచాను." రెండోది పుస్తకంలో రాసిన మూడు మాటలు. మూడోది, దాని వల్ల ఒక మనిషి తొమ్మిదేళ్ళు తన కాళ్ళను తాను నమ్మలేదని. నాలుగోది, ఆయన చెప్పింది నిజమని. ఎవరేం చేయాలో రాయలేదు.

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. తిట్టడానికే చేశాననీ, చదివాక తిట్లు గుర్తురావడం లేదనీ చెప్పింది.

"అన్నయ్యేమన్నాడు?"

"ఆ రోజు ఎందుకు చెప్పలేదన్నారు. చెప్తే ఏం చేసేవాళ్ళని అడిగా. జాగ్రత్తగా ఉండమని చెప్పేవాణ్ణి అన్నారు."

"మా అన్నయ్యే," అంది ఆడపడుచు.

శుక్రవారం జాబితా వచ్చింది. శిక్షణ అధిపతిగా వేరే బ్రాంచిలో ఒకాయన పేరుంది. సోమవారం ఆమెను క్లాసుల నుంచి తప్పించారు, విచారణ తేలేవరకు. ఆ వారం మంగళవారం ఆమె ఏమీ పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు.

విచారణ మూడు వారాల తర్వాత, బుధవారం ఉదయం పదకొండుకి, కంపెనీ ఆఫీసు నాలుగో అంతస్తులో జరిగింది. బల్లకు అటువైపు ముగ్గురు. గడియారాలాయన్ని సాక్షిగా పిలిచారు. కూతురు వెంట వచ్చింది. ఇద్దరూ మెట్లెక్కే వచ్చారు. మాత్రల మోతాదు డాక్టరు సగానికి తగ్గించాడని, ఆరు వారాలకు మళ్ళీ రమ్మన్నాడని కూతురు చెప్పింది. అప్పటికి పన్నెండు రోజులైంది. కళ్ళు తిరగలేదు.

శిక్షణ చూసే ఈవిడ మీద మీకేమైనా ఫిర్యాదు ఉందా అని బల్లకు అటువైపు పెద్దాయన అడిగాడు. ఫిర్యాదు తొమ్మిదేళ్ళ కిందట ఇచ్చానని, పేజీ నంబరుతో సహా చెప్పాడు గడియారాలాయన. ఇప్పుడు కొత్తగా ఏమీ లేదన్నాడు. అయితే ఒకటి చూడాలని ఉందన్నాడు. ఇప్పుడొస్తున్న లిఫ్టుల్లో జంపర్ పెడితే ఏమవుతుంది?

అటువైపు ముగ్గురిలో ఇద్దరు ఇంజనీర్లు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు సరిదిద్దారు. చివరకు పైన మెషిన్ రూములో చూపిస్తామన్నారు. విచారణ పాతిక నిమిషాలు ఆగింది. లిఫ్టును నడిపే కొత్త కంట్రోలరులో, తలుపు తెరిచి ఉన్నా సర్క్యూటు కలిసే ఉంటే లిఫ్టు తనంతట తానే ఆగిపోతుంది. పెద్దాయన జంపర్ పెట్టి చూపించాడు, లిఫ్టు కదల్లేదు. గడియారాలాయన రెండోసారి పెట్టించాడు. మూడోసారి, ఈవిణ్ణి పెట్టమనండి అన్నాడు. టీచరమ్మ పెట్టింది. అప్పుడూ కదల్లేదు. జంపర్ తీసి సంచిలో వేసింది.

పన్నెండుంబావుకి నిర్ణయం చదివారు. శిక్షణ బాధ్యతల నుంచి రెండేళ్ళు తప్పిస్తున్నారు. మెకానిక్కు సర్టిఫికెట్టు పరీక్ష మళ్ళీ రాయాలి. నెగ్గితే రూటు మీదికి వెళ్ళొచ్చు. పోస్టు గురించి నిర్ణయంలో ఏమీ లేదు. మేనేజరు బయట వరండాలో, ఆ పోస్టును అప్పటికి నలభై వేల మంది చూశారని ఆమెతో చెప్పాడు. అది మంచో చెడో ఆయన చెప్పలేదు. కొత్త బ్యాచి కుర్రాళ్ళలో ఏడుగురు తమ సంచుల్లో జంపర్లు తక్కువున్నాయని స్టోరుకి వచ్చి చెప్పారట. అదివరకు ఏడాదికొకడు కూడా వచ్చి చెప్పేవాడు కాదు.

పన్నెండూ నలభైకి నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. లోపల ముగ్గురున్నారు, గడియారాలాయన, ఆయన కూతురు, టీచరమ్మ. బటన్ గడియారాలాయన నొక్కాడు.